అప్పు తక్కువైతేనే విదేశీ చదువు ఒంటబడుతుంది

విదేశీ చదువు అనగానే మన ఇళ్లలో లోను, జీతం, వీసాల చుట్టూనే మాట తిరుగుతుంది. అవి అడగాల్సినవే. కానీ పిల్లలు అక్కడ ఎలా చదువుకుంటారో మాత్రం ఎవరూ అడగరు. నా మటుకు నాకు అసలు లాభం ఆ చదువుకునే తీరులోనే కనిపిస్తుంది. అది పూర్తిగా దక్కాలంటే నెత్తిన అప్పు తక్కువుండాలి. జర్మనీని గట్టిగా పట్టించుకోమనేది ఇందుకే.

ఇంజినీరింగ్ నాలుగేళ్లూ హాజరు శాతం, మిడ్ పరీక్షలు, ‘ఇంపార్టెంట్ క్వశ్చన్ల’ మీద నెట్టుకొచ్చిన మనవాళ్లకు అక్కడ మొదటి సెమిస్టర్ ఉక్కిరిబిక్కిరే. చాలా కోర్సుల్లో హాజరు వేయరు. మార్కులన్నీ చివరి పరీక్షకే. ఆ పరీక్షకు గడువులోగా తామే పేరు నమోదు చేసుకోవాలి, మరిచిపోతే గుర్తుచేసేవారుండరు. సాధారణంగా ఒకే సబ్జెక్టు మూడుసార్లు తప్పితే ఆ కోర్సు నుంచే బయటికి పంపేస్తారు. కఠినమే, కాదనను. కానీ ఏం చదవాలో, ఎంత చదవాలో తనకు తాను తేల్చుకోవడం ఇరవై రెండేళ్ల మనిషికి అప్పుడే అలవడుతుంది.

దీనికి తోడు ‘హివి’ కొలువులు, అంటే విశ్వవిద్యాలయంలోనే విద్యార్థి సహాయకుల పనులు. ప్రొఫెసర్ దగ్గర ల్యాబులో ప్రయోగాలకు సాయం, డేటా సర్దడం, కింది తరగతుల వారికి లెక్కలు చెప్పడం లాంటి పనులు గంటల లెక్కన ఇస్తారు. విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులే పనిచేయాలన్న పరిమితి ఈ కొలువులకు వర్తించదు. జీతం చిన్నదే. అయినా పరిశోధన ఎలా సాగుతుందో పక్కన నిలబడి చూసే అవకాశం మన కాలేజీల్లో ఎంతమందికి దొరుకుతోంది?

ఇక డబ్బు. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అత్యధిక భాగం ట్యూషన్ ఫీజు తీసుకోవు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి మనలాంటి దేశాలవారి దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు వసూలు చేస్తోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024లో ఫీజు పెట్టింది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకింత అని మాత్రమే తీసుకోగల ఖాతాలో, 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. మధ్యతరగతికి అది పెద్ద మొత్తమే. అయితే ఆ డబ్బు నెలకు 992 యూరోల చొప్పున విద్యార్థి చేతికే, తిండికీ అద్దెకీ తిరిగొస్తుంది. ముప్పై, నలభై లక్షల లోనుతో అమెరికా వెళ్లిన కుర్రాడు హెచ్1బీ ఉద్యోగ వీసా లాటరీని, వడ్డీని తలచుకుంటూ సబ్జెక్టులు ఎంచుకుంటాడు. ఇష్టమైన కష్టమైన కోర్సు తీసుకునే ధైర్యం అక్కడే చచ్చిపోతుంది.

ఇంతా తెలిసి కన్సల్టెన్సీలు ‘జర్మనీ’ పేరు చెప్పి ఫీజులు భారీగా ఉండే ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో పిల్లలను చేర్పించడం చూస్తే కడుపు మండుతుంది. సీటు ఖాయం అంటున్నారంటే ముందు అది ప్రభుత్వ సంస్థో కాదో కనుక్కోండి. ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించేది), దరఖాస్తు, ఖాతా తెరవడం అన్నీ విద్యార్థి సొంతంగా చేసుకోగలిగిన పనులే.

మనవాళ్లు తేలిగ్గా తీసుకునేది భాషను. మాస్టర్స్ ఇంగ్లిష్‌లో పూర్తిచేయొచ్చు, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువూ ఇస్తారు. కానీ జర్మన్ రాకపోతే, ముఖ్యంగా చిన్న పట్టణాల్లోని కంపెనీల్లో, ఇంటర్వ్యూ దాకా వెళ్లడమే కష్టం. వెళ్లాక చూద్దామనుకుంటే అక్కడ పరీక్షల మధ్య తీరిక దొరకదు. బీటెక్ మూడో ఏడాదిలోనే మొదలుపెట్టాలి.