మందుల షాపుకి పార్టీ అంటగట్టకండి

ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. పొద్దున పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, మధ్యాహ్నం బంధువుల గ్రూపులో, రాత్రి అపార్ట్‌మెంట్ గ్రూపులో. బ్యాచ్ గ్రూపులో వచ్చినదానిలో "హెరిటేజ్ పాలు కొనకండి" అని ఉంటే, బంధువుల గ్రూపులో వచ్చినదానిలో "భారతి సిమెంట్ కొనకండి" అని ఉంది. మిగతాదంతా పొల్లుపోకుండా ఒకటే. ఒక పార్టీవాడు రాసినదాన్ని రెండో పార్టీవాడు పేర్లు మార్చి వాడుకున్నాడు. ఇద్దరూ నాకు స్నేహితులే, ఇద్దరికీ అది తమ సొంత ఆలోచన అనే నమ్మకం.

చూడనివాళ్ళ కోసం సారాంశం చెబుతాను. అవతలి పార్టీ నాయకుల కంపెనీల సరుకు కొనొద్దట, వాళ్ళ పత్రికలూ చానళ్ళూ కూడా వద్దట, మనం కొనే ప్రతి ప్యాకెట్ డబ్బూ ఆ పార్టీకే చేరుతుందట, అధికారంతో ఆ కంపెనీలకు మేలు చేసుకుంటారట. గాంధీగారు చేసిందీ ఇదేనట. వాళ్ళ సరుకంతా కల్తీయేనట. మన ఊళ్ళో వాళ్ళ "మనుషుల" షాపులకు కూడా వెళ్ళకూడదట, జాబితా కింద ఇచ్చారు. పనివాళ్ళ గురించి జాలిపడొద్దట, ఇంకోచోట పని దొరుకుతుందట. నిజమైన అభిమానివైతే పదిమందికి పంపమంటారు. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు వదిలేశాను. ఆ జాబితా చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు డబ్బు సంగతి. హెరిటేజ్‌ని 1992లో చంద్రబాబు నాయుడు పెట్టిన మాట నిజం. ఇప్పుడది స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీ, కుటుంబం వాటా సగానికి తక్కువే. 2023-24లో సుమారు 3,800 కోట్ల రూపాయల అమ్మకాల మీద చివరికి మిగిలిన లాభం 106 కోట్ల చిల్లర. అంటే మనం వంద రూపాయల పాలూ పెరుగూ కొంటే కంపెనీకి మిగిలేది మూడు రూపాయల లోపు. అందులో కుటుంబం వంతు రూపాయిన్నర కూడా ఉండదు. మిగతా సొమ్ములో సింహభాగం పాలు పోసినవాళ్ళకు వెళుతుంది. తెల్లారకముందే క్యాన్ పట్టుకుని పాలకేంద్రం దగ్గర నిలబడే ఆవిడను తలుచుకోండి. మిషన్‌లో వెన్న శాతం చూస్తారు, లీటరుకి ఇంత అని కట్టి చీటీ చేతిలో పెడతారు. శాతం కాస్త తగ్గితే ఆ పూట మొహం వాడిపోతుంది, ఎందుకంటే దాణా ధర తగ్గలేదు కదా. ఇంటి ఖర్చులకూ పిల్లల ఫీజులకూ ఆ పాలబిల్లే ఆధారం. మీరు ప్యాకెట్ మానేస్తే మొదట తగ్గేది ఆవిడ దగ్గర తీసుకునే పాలు, లేదా ఆవిడకిచ్చే రేటు. నాయకుడి ఇంటిదాకా ఆ సెగ చేరేసరికి ఆవిడ గేదెను అమ్ముకుని ఉంటుంది.

భారతి సిమెంట్ సంగతి ఇంకా తేలిక. కడప జిల్లా నల్లలింగాయపల్లెలో ఉన్న ఆ కంపెనీ జగన్ కుటుంబానిదని పేరు, కాని 2010లోనే వికాట్ అనే ఫ్రెంచి కంపెనీ అందులో 51 శాతం వాటా తీసుకుంది. జగన్ మీద కోపంతో బస్తా మానేసేవాళ్ళు ఎక్కువగా దెబ్బ కొడుతున్నది ఎవరినో ఒకసారి చూసుకోవాలి. మెసేజ్ రాసినవాళ్ళకు ఇది తెలీదా అంటే, తెలిసే ఉంటుంది.

అసలు "ఓనరు ఫలానా పార్టీ మనిషి" అన్న మాటే ఎంతవరకు నిలుస్తుంది? పార్టీలకు గుట్టుగా విరాళాలివ్వడానికి వాడిన ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు కొట్టేశాక 2024 మార్చిలో లెక్కలు బయటికొచ్చాయి. హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్ ఒక్కటే 966 కోట్ల బాండ్లు కొంది. అవి ఒక్క పార్టీకి వెళ్ళలేదు. ఎక్కువ భాగం బీజేపీకి, తర్వాత బీఆర్ఎస్‌కి, డీఎంకేకి, ఆపైన వైసీపీకి, టీడీపీకి, కాంగ్రెస్‌కి కూడా. ఇప్పుడు ఏ పార్టీ అభిమాని ఈ కంపెనీని బహిష్కరించాలి? ఏం కొనడం మానేసి బహిష్కరించాలి? కాలువలూ ఎత్తిపోతలూ కట్టే కంపెనీ సరుకు కిరాణా కొట్లో దొరకదు. పార్టీలకు డబ్బు ఎలా చేరుతుందో నిజంగా పట్టింపు ఉన్నవాళ్ళు ఆ బాండ్ల జాబితాను పదిమందికి పంపి ఉండాల్సింది. నాకు ఒక్కరూ పంపలేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకుంటాను. 2024 జూన్‌లో ఎన్నికల ఫలితాలొచ్చిన వారంలో హెరిటేజ్ షేరు సగానికి పైగా ఎగబాకింది. ఆ వారంలో పాలు ఎక్కువ అమ్ముడుపోయి కాదు, ప్రభుత్వం మారి చంద్రబాబు ముఖ్యమంత్రి అవుతున్నారని. ముఖ్యమంత్రి కుటుంబానికి కంపెనీ ఉన్నప్పుడు, అది ఏ ముఖ్యమంత్రి అయినా సరే, అధికారం వల్ల ఆ కంపెనీకి ఏం ఒరుగుతోందని అడగాల్సిందే. మెసేజ్‌లో ఈ అనుమానం ఉంది, ఆ అనుమానం తప్పు కాదు. దాన్ని అసెంబ్లీలో అడగాలి, సమాచార హక్కు కింద అడగాలి, అవసరమైతే కోర్టులో అడగాలి. షేరు కొన్న మదుపరుల లెక్కకు మన వంటింట్లో పాల ప్యాకెట్ మారిస్తే జవాబు రాదు.

కల్తీ అన్న మాట మీద ఎక్కువ చెప్పేది లేదు. కల్తీ అయితే ఎవరూ కొనకూడదు, ఏ పార్టీవాళ్ళూ కొనకూడదు. ప్యాకెట్ మీద లైసెన్సు నంబరు ఉంటుంది, ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుకి ఫిర్యాదు చేయండి. చేయకుండా ఫార్వర్డ్ మాత్రమే చేస్తున్నారంటే ఆ మాట మీరే నమ్మడం లేదు.

గాంధీగారి పేరు వాడుకున్నందుకు మాత్రం నాకు బాగా కోపం వచ్చింది. విదేశీ బట్టను మానమన్నది ఒక ప్రభుత్వం మీద పోరాటంలో భాగంగా. ఏం కావాలో స్పష్టంగా చెప్పి చేసిన పని అది. ఆ ఉద్యమం నడుస్తున్నప్పుడే, 1920లో, తన పత్రిక యంగ్ ఇండియాలో ఆయన ఏం రాశారో ఈ మెసేజ్ రాసినవాళ్ళు చదివి ఉండాల్సింది. అభిప్రాయభేదాలున్నాయని సాంఘిక బహిష్కారాలు ప్రకటించడం ప్రమాదకరం అన్నారు, నీళ్ళూ తిండీ అందకుండా చేయడం అహింసకు పూర్తిగా విరుద్ధం అన్నారు. 1931లో లండన్ వెళ్ళినప్పుడు ఆ బహిష్కరణ వల్ల పని పోయిన లాంకషైర్ మిల్లు కార్మికుల దగ్గరికే స్వయంగా వెళ్ళి, వాళ్ళ మొహం చూసి మాట్లాడారు. మన జాబితా రాసినవాళ్ళు తాము పేరు రాసిన షాపుకి వెళ్ళి ఓనరు మొహం చూసి ఆ మాట చెప్పగలరా?

మన దగ్గరా మంచి బహిష్కరణలు జరిగాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించారు, వేలంపాటలు ఆపారు. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. కాంట్రాక్టరు ఏ పార్టీ అని వాళ్ళు చూడలేదు. ఆ సరుకు తమ సంసారాలను తగలబెడుతోంది, అది ఆగాలి, అంతే. ఆగితే పోరాటం అయిపోతుంది. ఈ మెసేజ్ అడిగేదేమిటి? ఆ ఓనరు ఏం చేస్తే మీరు మళ్ళీ కొంటారు? పార్టీ మారితేనా?

ఇక ఆ జాబితా.

"మన ఊళ్ళో వాళ్ళ మనుషుల షాపులు" అని పెట్టి రాసిన పేర్లలో రెండు టిఫిన్ సెంటర్లు, ఒక బట్టల కొట్టు, ఒక ఎరువుల షాపు, ఒక మందుల షాపు ఉన్నాయి. వీళ్ళలో ఒక్కరూ ఏ పార్టీలోనూ పదవిలో లేరు. జెండా పట్టుకుని తిరగడం నేను చూడలేదు. మరి "వాళ్ళ మనుషులు" అని ఎలా తేల్చారు? ఇంటిపేరు చూసి. పచ్చిగా చెప్పాలంటే కులం చూసి. మనందరికీ తెలుసు, కాని గ్రూపులో ఎవరూ అనరు. పార్టీ పేరుతో మొదలైన మాట మూడో పేరాకల్లా కులం దగ్గరికి చేరింది. నాయకుడి కంపెనీ మీద కోపం వచ్చి, చివరికి నాయకుణ్ణి దగ్గర్నించి ఎప్పుడూ చూసి ఉండని కొట్టువాడి మీద పడింది.

ఆ మందుల షాపు నాకు బాగా తెలుసు. మా వీధి చివర్లోదే. మా అమ్మకి షుగరు మాత్రలు అక్కడే తెస్తాను. ఆయన చీటీ చూసి, "ఈ కంపెనీది నిండుకుంది బాబూ, అదే మందు వేరే కంపెనీది ఉంది, డాక్టరుగారికి ఓసారి ఫోన్ చేసి అడిగి తీసుకెళ్ళు" అని చెప్పే మనిషి. కౌంటరు మీద పొడుగాటి నోటుపుస్తకం ఉంటుంది. నెలాఖరుకి జీతాలొచ్చేదాకా మందులు అప్పుగా తీసుకెళ్ళేవాళ్ళ పేర్లన్నీ అందులో ఉంటాయి. ఈ జాబితాను గ్రూపులో పెట్టిన మా స్నేహితుడి పేరు కూడా ఆ పుస్తకంలో చూశాను. జాబితా తిరిగాక షాపులో సందడి తగ్గింది. నేను మందులు తీసుకుని వస్తుంటే ఒకడు ఆపి, "ఏరా, ఇంకా వాడి దగ్గరికే వెళ్తున్నావా?" అన్నాడు. ఆయన ఎవరికి ఓటేశాడో నాకు తెలీదు. అడగను. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం కోర్టు బోనులో నిలబెట్టి కూడా ఎవరికి ఓటేశావో చెప్పమని బలవంతం చేయడానికి వీల్లేదు. కోర్టుకి లేని అధికారం పదో తరగతి బ్యాచ్ గ్రూపుకి ఎక్కణ్ణించి వచ్చింది?

ఇదంతా చిన్న విషయం అనేవాళ్ళకు ఒకటి గుర్తు చేస్తాను. బహిష్కరణ అనే ఆయుధం మన ఊళ్ళకు కొత్త కాదు. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం పెట్టుకోబోయిన దళితులను ఊరు వెలేసింది, పొలం పనులకు పిలవడం మానేసింది. నిజామాబాద్ వైపు గ్రామాభివృద్ధి కమిటీలు ఫలానా ఇంటితో మాట్లాడితే జరిమానా, సరుకు అమ్మితే జరిమానా అని తీర్మానాలు చేసిన వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీల మీద సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా చేర్చి 2015లో అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. ఊళ్ళో ఎక్కువమంది ఉన్నవాళ్ళు తక్కువమంది ఉన్నవాళ్ళ పొట్ట మీద కొట్టడానికి ఎప్పుడూ వాడే పద్ధతి ఇది. ఇవాళ మీ వీధిలో మీది పైచేయి కావచ్చు. పక్క మండలంలో మీ బావమరిది షాపు ఎవరి జాబితాలో ఉందో కనుక్కున్నారా?

దీన్ని ఫార్వర్డ్ చేసినవాళ్ళలో కొందరు డాలస్‌లో ఉన్నారు, కొందరు మెల్‌బోర్న్‌లో ఉన్నారు. వాళ్ళు ఇక్కడ ఏ కొట్లోనూ పైసా ఖర్చుపెట్టరు. పొద్దున్నే మొహం మొహం చూసుకోవాల్సింది మేము. మీ అభిమానం మీ దగ్గర ఉంచుకోండి, మా వీధిలో ఎవరు ఎక్కడ ఇడ్లీ తినాలో మాకు వదిలేయండి.

"పనివాళ్ళకు ఇంకోచోట దొరుకుతుంది" అన్నవాళ్ళు ఒక్కరోజు ఆ టిఫిన్ సెంటర్ వెనక్కి వెళ్ళి చూడండి. ప్లేట్లు కడిగే ఆవిడది రోజుకూలి. బేరం తగ్గితే ముందు ఆపేసేది ఆవిడనే, ఓనరుని కాదు. సినిమాలకూ ఇదే పెట్టారు. 2025 ఫిబ్రవరిలో ఒక సినిమా వేడుకలో ఒక నటుడు రాజకీయ విసురు విసిరితే, సినిమానే బహిష్కరించమన్నారు, ఆ మాట అనని హీరో బయటికొచ్చి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఆ సినిమాకి లైట్లు మోసినవాళ్ళు ఏ పార్టీవాళ్ళో ఎవరైనా అడిగారా?

ఎవరి డబ్బు వాళ్ళది, నచ్చని చోట కొనకపోవడం ఎవరి ఇష్టం వాళ్ళది. దాన్ని నేను కాదనను. ఇంకా ముందుకెళ్ళి చెబుతాను, ఒక చోట మెసేజ్ రాసినవాళ్ళతో పూర్తిగా ఏకీభవిస్తాను. పత్రికలూ చానళ్ళూ. ఓనరు రాజకీయం పాలలోకి రాదు, సిమెంటులోకి రాదు. వార్తలోకి వస్తుంది. అక్కడ అమ్మే సరుకే అది. ఎన్నికల ముందు పచ్చి అబద్ధాన్ని మొదటి పేజీలో వేసి, తర్వాత సవరణ కూడా వేయని పేపరు మా ఇంటికి ఏళ్ళ తరబడి వచ్చేది, మాన్పించేశాను. అది ఏ పార్టీదైనా మాన్పించేవాణ్ణే. అలాగే పనివాళ్ళను బలవంతంగా పార్టీ సభకు తోలే యజమాని ఉంటే ఆ కంపెనీ సరుకు నేనూ ముట్టను. అక్కడ నేను చూసేది మనిషి చేసిన పనిని. ఏ పనీ చేయని మందుల షాపాయనను ఇంటిపేరు చూసి జాబితాలో ఎక్కించడం అలాంటిది కాదు.

ఆ జాబితా రాసినవాళ్ళు మా గ్రూపులోనే ఉన్నారు, ఇది చదువుతారు. పాలూ సిమెంటూ మీ ఇష్టం, కొనుక్కోండి, మానుకోండి. మన వీధి షాపుల పేర్లు మాత్రం తీసేయండి. మీరు తీయకపోతే అడ్మిన్‌ని తీయమని అడుగుతాను. అప్పుడూ తీయకపోతే రోజూ అడుగుతాను.