‘నల్గొండ, పాలమూరుల్లో రాళ్ళూ లారీలే’ అన్న సందేశానికి జవాబు

చలికాలం వచ్చిందంటే చాలు, ఒక సందేశం ఫోను నుంచి ఫోనుకు తిరగడం మొదలుపెడుతుంది. సైకిల్ మీద కొండల్లో, అడవుల్లో ప్రశాంతంగా తిరగాలనుకునేవాళ్ళు అరకుకో, కూర్గ్‌కో, ఊటీకో పోవాలనీ, దక్షిణ తెలంగాణలో చదునైన చెలకలూ, రాళ్ళూ, లారీలూ తప్ప ఏమీ లేవనీ, ఉన్న నాలుగు గుట్టలు ఎక్కాలన్నా లక్ష రూపాయల సైకిల్ కావాలనీ, ఎండకు మాడిపోతారనీ, నల్గొండ నీళ్ళు తాగితే ఎముకలు వంగుతాయనీ, నల్లమలలోకి పోతే పులి వదలదనీ అందులో ఉంటుంది. కింద ఆకు రాలిన మోడు చెట్ల ఫొటో ఒకటి. వీటిలో ఒకటి రెండు మాటలకు ఆధారం ఉంది. మిగిలినవి హైవే మీద పోతూ కారు అద్దంలోంచి చూసి రాసినవి.

చదును అన్న మాట ముందు చూద్దాం. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 1,750 అడుగుల ఎత్తున ఉంది, మహబూబ్‌నగర్ 1,600 అడుగుల పైచిలుకు. దక్షిణాన కృష్ణ మీద శ్రీశైలం జలాశయం పూర్తిగా నిండితే నీటిమట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌లో 590 అడుగులు. అంటే హైదరాబాద్ నుంచి సాగర్ నీటి అంచుకు చేరేసరికి పదకొండు వందల అడుగులకు పైగా, మహబూబ్‌నగర్ నుంచి సోమశిల దగ్గర శ్రీశైలం వెనుక జలాలకు చేరేసరికి ఏడు వందల అడుగులకు పైగా దిగుతాం. మధ్యలో వచ్చే ఎత్తుపల్లాలు ఈ లెక్కలో లేవు. ఊటీ లాంటి చోట మైదానం నుంచి బయలుదేరినవాడు పొద్దున ఎక్కి, సాయంత్రం జారుకుంటూ వస్తాడు. కృష్ణ వైపు ప్రయాణం దీనికి తలకిందులు. పోయేటప్పుడు హాయిగా ఉన్న దారి తిరుగుప్రయాణంలో, ఎండ నెత్తికెక్కిన వేళ, తన ఎత్తంతా చూపిస్తుంది. ఇక్కడ ఎక్కేదేమీ లేదనేవాళ్ళలో చాలామంది పోయింది సైకిల్ మీద, వచ్చింది బస్సులో అని నా అనుమానం.

ఎక్కుడు దారులు కూడా అన్నీ ఒక తీరున ఉండవు, దానికి కారణం కాళ్ళ కింది రాయి. రాచకొండ, భువనగిరి, దేవరకొండ, కోయిల్‌కొండ, ఘనపూర్ కోటలు నిలిచిన గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటువి. ఇవి విడివిడిగా, గుండ్లు పేర్చినట్టుగా లేస్తాయి కాబట్టి దారి వాటిని చుట్టుకొని పోతుంది. ఎక్కుడు పొట్టిగా, నిటారుగా వచ్చి, ఊపిరి అందుకునేలోపే దిగిపోతుంది. నల్లమల అలా కాదు. అక్కడిది పొరలు పొరలుగా పేరుకున్న కడప తరగతి శిల, పైన గట్టి క్వార్ట్‌జైటు పలక. శ్రీశైలం పోయే దారిలో హాజీపూర్ దాటి మన్ననూరు ఘాటు ఒకసారి ఎక్కితే ఆపైన చాలా దూరం బల్ల మీద నడిచినట్టే ఉంటుంది, మళ్ళీ దోమలపెంట దాటాక కృష్ణ లోయలోకి ఒక్కపెట్టున దిగుతుంది. ఒకే జిల్లాలో ఈ రెండు రకాల దారులూ దొరకడం సైకిల్ తొక్కేవాడికి పెద్ద వరం. అరకులో ఇది ఉందా అని నేను అడగను, అరకు అందం అరకుది.

లారీల సంగతికి వస్తే, బెంగళూరుకు పోయే 44వ నంబరు, విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారుల మీద సైకిల్‌కు ప్రశాంతత లేదన్నది నిజమే, ఉందని ఎవరూ అనలేదు. జడ్చర్ల నుంచి కల్వకుర్తి మీదుగా మిర్యాలగూడ వైపు పోయే 167వ నంబరు కూడా అదే కోవలోకి వస్తుంది. అయితే జిల్లా అంటే ఈ మూడు రోడ్లేనా? కొల్లాపూర్ నుంచి సోమశిలకు, దేవరకొండ నుంచి చందంపేట వైపు, సంస్థాన్ నారాయణపూర్ నుంచి రాచకొండ గుట్టల్లోకి పోయే దారుల్లో పొద్దున్నే ఎదురయ్యేవి పాల బండ్లు, పత్తి ఏరే కూలీలతో నిండిన ఆటోలు, గొర్ల మందలు. కోతల కాలంలో రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, అంచున వరుసగా రాళ్ళు పేర్చి ఉంటారు. బండ్లవాళ్ళు విసుక్కుంటారు గానీ, సైకిల్‌కు ఆ మిగిలిన సగం చాలు. చూసుకోవాల్సింది ఆ రాళ్ళనే; చీకటి విడవకముందు అవి కనిపించవు. శ్రీశైలం పోయే 765వ నంబరు రోడ్డు సగం హైవే, సగం అడవి దారి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవిలో వాహనాలను ఆపుతారు కాబట్టి, గేటు తీయగానే ఆగిన బండ్లన్నీ ఒక్కసారి కదులుతాయి. వాటిని ముందు పోనిచ్చి, తాపీగా ఒక చాయ్ తాగి బయలుదేరినవాడికి ఆ తర్వాతి దారి దక్కుతుంది. శని ఆదివారాల్లో, కార్తీకంలో, శివరాత్రి ముందు మాత్రం ఆ ఆశ పెట్టుకోవద్దు.

లక్ష రూపాయల సైకిల్ మాట అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది, ఎందుకంటే ఇంట్లో సైకిల్ ఉన్నవాణ్ణి కూడా అది బయటికి రానీయదు. మన ఊళ్ళలో తిరిగే మామూలు నల్ల సైకిల్‌కు సాధారణంగా ముందు, పెడల్ దగ్గరి పళ్ళ చక్రానికి 44 పళ్ళు, వెనక చక్రానికి బిగించిన ఫ్రీవీల్‌కు 18 పళ్ళు ఉంటాయి. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 5.4 మీటర్లు ముందుకు పోతుంది. నూరు మీటర్లకు అయిదు మీటర్లు లేచే ఎక్కుడులో, మనిషీ సైకిలూ కలిసి 90 కిలోలనుకుంటే, నిమిషానికి అరవై చుట్లు తొక్కడానికి ఎత్తు మీదనే దాదాపు 240 వాట్ల శక్తి కావాలి. అలవాటు లేనివాడు అంత శక్తిని ఎంతోసేపు పెట్టలేడు. నెమ్మదిగా తొక్కితే వాట్లు తగ్గుతాయి గానీ, మోకాలి మీద పడే బరువు తగ్గదు. ముందు 34, వెనక 32 పళ్ళున్న గేర్ల సైకిల్ ఒక చుట్టుకు 2.2 మీటర్లే కదులుతుంది, ఎత్తు మీద నూరు వాట్ల లోపు శక్తితో గంటకు ఎనిమిది కిలోమీటర్ల చొప్పున ఎక్కుతుంది. కాబట్టి ఎక్కించేది పళ్ళ లెక్క. ధరకు అందులో పాత్ర తక్కువ. ఇరవై కిలోల సైకిల్ మానేసి పది కిలోలది కొంటే మొత్తం బరువులో తగ్గేది తొమ్మిదో వంతు. అదే నల్ల సైకిల్‌కు వెనక 18 పళ్ళ ఫ్రీవీల్ తీసి 22 పళ్ళది బిగిస్తే కాలి మీద భారం అయిదో వంతుకు దగ్గరగా తగ్గుతుంది. సైకిల్ ట్యాక్సీ దుకాణంలో కొన్ని వందల రూపాయల్లో అయిపోయే పని ఇది. చైన్‌కు ఒకటి రెండు లింకులు కలపాల్సి రావచ్చు. చదునులో వేగం కొంత తగ్గుతుంది, అది ఒప్పుకోవాలి. నల్ల సైకిల్‌కు అసలు లోపం దిగేటప్పుడు బయటపడుతుంది. ఇనుప రిమ్ము తడిస్తే బ్రేకు సరిగా పట్టదు కాబట్టి, వానలో దోమలపెంట ఘాటు దిగడం తెలివైన పని కాదు. డబ్బు పెట్టదలచినవాళ్ళు గట్టి టైర్ల మీద పెట్టవచ్చు. సర్కారు తుమ్మ ముళ్ళకూ, బాట అంచుల్లో పాకే పల్లేరు కాయలకూ సైకిల్ ధర తెలియదు. పల్లేరు కాయ ఎట్లా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. దాన్ని వెంటనే పీకేస్తే గాలి అక్కడే పోతుంది, వదిలేస్తే చాలాసార్లు పంక్చర్ దుకాణం దాకా నిలుస్తుంది.

ఎండ సంగతి సగం నిజం. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటిన పొద్దులో ఇక్కడ సైకిల్ తొక్కమని ఎవరూ చెప్పరు. సందేశం కింది ఫొటో కూడా ఆ రోజులదే అయి ఉండాలి. నల్లమల ఆకురాల్చే అడవి, ఫిబ్రవరి నుంచి తునికి, నల్లమద్ది, టేకు ఆకు విడుస్తుంటే మోదుగ ఒక్కటే ఒంటి నిండా పువ్వుతో నిలబడుతుంది. అదే అడవి అక్టోబరులో చూస్తే దారి మీదికి కొమ్మలు వంగి ఉంటాయి, పాలమూరు జిల్లా బాలానగర్ వైపు రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు దిగుతాయి. నవంబరు నుంచి జనవరి దాకా తెల్లవారిన దగ్గర నుంచి పది గంటల దాకా ఎండ బాధ ఉండదు.

నీళ్ళ మాటకు ఎక్కువ సమాధానం అక్కర్లేదు. ఎముకలు వంచే ఆ వ్యాధి, ఫ్లోరోసిస్, ఫ్లోరైడు ఎక్కువున్న ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకు వచ్చింది, ఒక పూట దారిన పోతూ తాగినవాడికి రాదు. ఆ పల్లెల వాళ్ళు పడిన బాధను సైకిల్ షికారుకు బెదిరింపుగా వాడుకోవడం మర్యాద కూడా కాదు.

చివరిది పులి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం, దాదాపు 2,600 చదరపు కిలోమీటర్లు, నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో పరచుకొని ఉంది, అందులో పులులున్నాయి. అవి మనిషి అలికిడికి పక్కకు తప్పుకునేవే. తెల్లవారుజామున, మునిమాపున జాగ్రత్తపడాల్సింది ఎలుగుబంటి విషయంలో, హఠాత్తుగా ఎదురైతే అది పారిపోక మీదికి వస్తుంది. తినే వస్తువు సైకిల్‌కు తగిలించుకొని పోతే కోతులు లాక్కుంటాయి, వాటికి ఆ అలవాటు చేసింది కార్లు ఆపి అరటిపండ్లు విసిరేవాళ్ళు. వెలుతురులో తారురోడ్డు వదలకుండా పోయేవాడికి పెద్ద ప్రమాదం లేదు. అయితే ఈ సందేశానికి జవాబుగా, అడవి లోపలి మట్టి బాటల్లో సైకిల్ తొక్కుతున్న ఫొటోలు పెడుతున్నవాళ్ళు కూడా తప్పే చేస్తున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 27వ సెక్షన్ అభయారణ్యంలో ప్రజారహదారి మీదుగా దాటిపోయేవారికి మినహాయింపు ఇచ్చింది. ఆ రోడ్డు దిగి లోపలికి పోవాలంటే, సైకిల్ మీదనైనా కాలినడకనైనా, అటవీశాఖ అనుమతి తీసుకోవలసిందే.