వెనక వైపర్ మోటార్: విప్పి బాగుచేద్దామా, కొత్తది వేసేద్దామా?

(సంగతేంటంటే, కారు వెనక వైపర్ ఆగిపోయింది, స్విచ్ వేస్తే సన్నగా జుయ్ మంటుంది తప్ప బ్లేడు కదలదు. అబ్బాయిది కొత్త మోటార్ పార్టీ, బాబాయ్‌ది రిపేరు పార్టీ.)

అబ్బాయి: బాబాయ్, మోటార్ పోయింది, ఆర్డర్ పెట్టేస్తున్నా. మూడు బోల్టులు విప్పి మార్చేస్తే అయిపోయేదానికి ఇంత చర్చెందుకు?

బాబాయ్: పోయిందని నీకెవరు చెప్పార్రా? ఫ్యూజు చూశావా?

అబ్బాయి: చూశా, బానే ఉంది.

బాబాయ్: మరి డిక్కీ డోరుకీ బాడీకీ మధ్య నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది చూడు, వైర్లన్నీ అందులోంచే పోతాయి, డోరు తీసి వేసినప్పుడల్లా అక్కడే మడతపడి మడతపడి లోపల రాగి తెగిపోతుంది, పైన తొడుగు మాత్రం ఏమీ ఎరగనట్టు ఉంటుంది. అలాంటి బండికి కొత్త మోటార్ వేసినా తిరగదు, అప్పుడు నువ్వు డిఫెక్ట్ పీసు ఇచ్చారని షాపువాడి మీద పడతావు.

అబ్బాయి: అదే గొట్టంలోంచి వెళ్ళే నంబర్ ప్లేట్ లైటు, వెనకద్దం మీద ఆవిరి పోగొట్టే డీఫాగర్, డిక్కీ లాక్ అన్నీ పనిచేస్తున్నాయి. పైగా సౌండ్ వస్తోందంటే కరెంట్ అందుతున్నట్టేగా.

బాబాయ్: అందుతోంది, ఎంత అందుతోంది అనేదే ప్రశ్న. డిక్కీ డోరు లోపలి ప్లాస్టిక్ పలక, అదే ట్రిమ్, ఊడదీసి మోటార్ కనెక్టర్ దగ్గర బల్బు టెస్టర్ పెట్టు. ఉత్త మల్టీమీటర్ పెడితే ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా 12 వోల్టులు చూపిస్తుంది, లోడ్ పడితేగానీ దాని బండారం బయటపడదు.

అబ్బాయి: సరే, బల్బు గట్టిగా వెలిగిందనుకో. ఇక మోటారేగా?

బాబాయ్: షాఫ్టు అనుకో ముందు. బ్లేడుని పట్టుకునే ఆర్మ్ తగిలించే ఆ స్టీలు కడ్డీయే షాఫ్టు, అది అల్యూమినియం గొట్టంలోంచి బయటికొస్తుంది, బయట సీలు రబ్బరు గట్టిపడగానే నీళ్ళు లోపలికి దిగుతాయి, అల్యూమినియం తెల్లగా పొడిపొడిగా ఉబ్బి షాఫ్టుని పట్టేస్తుంది, లోపల మోటార్ పాపం తిరగాలనే చూస్తుంది, తిరగనివ్వదు. నువ్వు చెప్పే జుయ్ అదే అయ్యుంటుంది.

అబ్బాయి: అలా అని అందరూ చేసేదేంటి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేస్తారు, నాలుగు రోజులు తిరుగుతుంది, మళ్ళీ పట్టేస్తుంది. ఆ మాత్రం దానికి రిపేరని పేరెందుకు?

(ఈ పాయింటు అబ్బాయిదే, ఒప్పుకోవాలి. ఆ స్ప్రే వదులు చేయడానికే, ఆరిపోయాక అది గ్రీజు పని చెయ్యదు.)

బాబాయ్: స్ప్రే కొట్టి ఆగమని నేనన్లేదే. వెనక కవర్ తీసి, క్లిప్పు తీసి, షాఫ్టుని మొత్తం బయటికి లాగాలి, చెక్కముక్క అడ్డం పెట్టి మెల్లగా తట్టాలి, సన్న ఎమరీ పేపర్‌తో షాఫ్టూ గొట్టం లోపలా తుడిచి, కొత్త ఓ-రింగు, అంటే గుండ్రటి రబ్బరు సీలు, వేసి, గ్రీజు పట్టించి పెట్టాలి. అప్పుడది ఏళ్ళు ఆడుతుంది.

అబ్బాయి: గేరు పళ్ళు ప్లాస్టిక్‌వి బాబాయ్, షాఫ్టు పట్టేసినప్పుడు అవీ అరిగిపోయుంటే?

బాబాయ్: అరిగితే ఇంకేముంది, కొనుక్కో, నేనడ్డం రాను. మోటార్ లోపలి రాగి తీగ చుట్టలు, అదే వైండింగ్, కాలిన వాసనొచ్చినా అంతే. తిరిగే భాగానికి కరెంట్ అందించే కార్బన్ బ్రష్‌లు మాత్రమే అరిగితే మార్చొచ్చుగానీ ఆ సైజు దొరకడం కష్టం, అక్కడ నేనే పట్టుబట్టను.

అబ్బాయి: లోపల పార్కింగ్ పట్టీలు కూడా ఉంటాయంటగా, గెలికితే వైపర్ అద్దం మధ్యలో ఆగిపోతుందంట.

బాబాయ్: ఉంటాయి, గేరు మీద రాగి పట్టీలు, స్విచ్ ఆపాక బ్లేడు ఇంటికెళ్ళేదాకా కరెంట్ ఇచ్చేది అవే. వాటిని తుడువు, వంచకు, విప్పేముందు ఫోటో తీసుకో, గేరు ఏ కోణంలో ఉందో గుర్తు పెట్టు. అంతకన్నా భయపడాల్సింది ఆర్మ్ ఊడదీసేటప్పుడు. నట్టు విప్పాక కూడా అది షాఫ్టు పళ్ళ మీద కరుచుకుని కూర్చుంటుంది, సుత్తి తీశావో వెనక అద్దానికి నీళ్ళొదులుకోవడమే. చిన్న పుల్లర్ పెట్టి లాగాలి, ముందే అద్దం మీద బ్లేడు ఉన్న చోట టేపు అంటించాలి. కొన్ని బండ్లలో వాషర్ నీళ్ళ పైపు కూడా ఆ షాఫ్టు మధ్యలోంచే వెళ్తుంది, అది లీకైతే నీళ్ళు తిన్నగా మోటార్‌లోకే, అప్పుడు కొత్త మోటార్ కూడా అదే దారి పడుతుంది.

అబ్బాయి: ఆర్మ్ లాగే తిప్పలు కొత్తది వేసినా ఉన్నాయిగా! ట్రిమ్ కూడా ఎలాగూ తియ్యాల్సిందే. సగం పని రెంటికీ ఒకటే అయినప్పుడు కొత్తదే మేలు కదా, గ్యారంటీ అన్నా ఉంటుంది.

బాబాయ్: సగం పని ఒకటే అయితే, ఆ సగం చేసి చూశాకే డబ్బు తియ్యి అంటున్నా. పైగా ఆర్డర్ పెట్టాలంటే పార్ట్ నంబర్ కావాలి, అది మోటార్ మీదే ఉంటుంది. ఒకే మోడల్‌లో ఏడాది మారితే కనెక్టర్ పిన్నులు మారిపోయిన సందర్భాలుంటాయి, ఫోటో చూసి తెప్పించావంటే ప్లగ్గే పట్టదు.

అబ్బాయి: అంటే ఆర్డర్ పెట్టాలన్నా ముందు విప్పాల్సిందే.

బాబాయ్: ఏది వేసినా సరే, ఆర్మ్ లేకుండా ఒకసారి తిప్పి స్విచ్ ఆపు, షాఫ్టు పార్క్ అయ్యాకే టేపు గుర్తుకి ఆర్మ్ బిగించు. ఇక ఆ 10 నంబర్ స్పానర్ అందుకో.

అబ్బాయి: గేరు పోయుంటే మాత్రం రాత్రికే ఆర్డర్ పెడతా, మళ్ళీ మాట మార్చకు.