పోపు లేని పోపుగారి వైన్‌కు

మహారాజశ్రీ షాతోనెఫ్ దు పాప్ తెల్ల వైన్ గారి సముఖమునకు,

ఫ్రాన్సులో మీ ఊరి పక్కనే ఉన్న అవిన్యాన్ పట్నంలో ఉంటున్న ఒక తెలుగువాడు రాయునది. ఉభయకుశలోపరి.

మీ పేరుకి అర్థం పోపుగారి కొత్తకోట అని ఫోన్‌లో చెబితే మా అమ్మ, "పోపు పెట్టిన వైనా? ఆవాలేస్తారా?" అంది. కాదమ్మా, 14వ శతాబ్దంలో పోపులు రోమ్‌లో కాక ఇక్కడ కాపురం పెట్టారు, 22వ జాన్ ఆ కోట కట్టించాడు అనేలోపు సిగ్నల్ పోయింది.

సీసా మీద పోపుగారి తాళంచెవులు, కిరీటం ఉబ్బెత్తుగా అచ్చు పోయించుకున్నారు. బొటనవేలితో తడిమి చూశాను, దర్జాగానే ఉన్నాయి. లోపల మాత్రం రకరకాల తెల్ల ద్రాక్షల ఉమ్మడి కాపురం! గ్రెనాష్ బ్లాన్ పెద్దకోడలు, ఒళ్లూ బలమూ ఆవిడవే. రూసాన్‌ది సువాసన, దాంతోపాటు బోలెడు నాజూకు. క్లైరెట్ చలవ మనిషి. బూర్బులాంక్ తీరిగ్గా, ఆలస్యంగా పండి కాస్త పులుపు తెస్తుంది. పిక్‌పూల్, పికార్దాన్ పేరంటానికి వచ్చినవాళ్లు. ఇంతా చేస్తే మీ ఊరి మొత్తం వైన్‌లో మీ వాటా కొంచెమే. పైగా మీ అన్న ఎర్ర వైన్ మీ తెల్ల ద్రాక్షని తనలో కలుపుకోవచ్చు, మీరు మాత్రం ఆయన నల్ల ద్రాక్ష జోలికి పోకూడదట.

మీలో తడిరాయి రుచి ఉందని ఒక హోటల్లో సర్వర్ చెప్పాడు. రాయినెప్పుడు నాకావు నాయనా అని అడగలేక మర్నాడు మీ తోటకే వచ్చాను. జూలై నెల. తీగల కింద మట్టి కనపడదు, అన్నీ గుండ్రాళ్లే. పొద్దుగూకాక ఒకటి చేతిలోకి తీసుకున్నా, పొయ్యి మీంచి అప్పుడే దించిన అట్లపెనంలా ఉంది. చల్లారనిచ్చి, ఎవరూ చూడకుండా నాలిక ఆనించాను. దుమ్ము.

ఆ సర్వరే మిమ్మల్ని మంచుగడ్డల్లో ముంచి తెచ్చాడు. పావుగంట దాకా మీరు ఉత్త చన్నీళ్లు. గ్లాసుకి పట్టిన చెమట ఆరాక బేరిపండు వాసన, వెనకే సోంపు. అప్పటికి బిల్లు వచ్చేసింది.

ఇంకొక్క మాట. 1954లో మీ ఊరి మేయరు, ఏ దేశపు ఎగిరేపళ్లెమైనా సరే, ఊళ్లో దిగితే జప్తు చేయాలని ఉత్తర్వు ఇచ్చారు కదా. అది ఇప్పటికీ రద్దు కాలేదు. వచ్చే నెల మా అమ్మ దిగుతోంది, ఇంగువ డబ్బాతో సహా. అభ్యంతరముంటే ముందే తెలుపగలరు.

ఇట్లు,
మీ పొరుగువాడు