పై వచనం చదవరాదు

డిసెంబరు 31 రాత్రి పదకొండు ముప్పావుకి విజయవాడ, గుంటూరు చర్చిల్లో చాలాచోట్ల పుల్‌పిట్ ముందు ఒక స్టీలు ట్రే కనిపిస్తుంది. దానిమీద లేసు గుడ్డ, గుడ్డ కింద బోర్లించిన కార్డులు. కొత్త సంవత్సరానికి దేవుడిచ్చే వాగ్దానం అందులోంచే తీసుకోవాలి. ఒక్కటే తీయాలి. చూసి తీయకూడదు. పక్కవాళ్లకేం వచ్చిందో అడగకూడదు. (ఈ మూడో నియమం మెట్లు దిగేలోపే గాలికి పోతుంది: "వదినా, మీకేం వచ్చింది?") ఏడాది పొడుగునా ఆత్మీయంగా ఎదగడానికి మనం పెట్టుకున్న ముఖ్య సాధనం ఇదే. అయినా దీని తయారీ గురించి, వాడకం గురించి ఇంతవరకు ఎవరూ శాస్త్రీయంగా రాసినట్టు లేదు. విశ్వాసుల సౌకర్యార్థం ఆ లోటు ఇక్కడ తీరుస్తున్నాం.

ముందు లెక్క. విజిటింగ్ కార్డు సైజు మూడున్నర బై రెండు అంగుళాలు. ఏ4 ఆర్ట్ కార్డు మీద రెండు వరసల్లో అయిదేసి చొప్పున పది కూర్చుంటాయి. నాలుగొందలమంది సంఘానికి నలభై షీట్లు, అచ్చుతప్పులకు ఇంకో నాలుగు. 300 జీఎస్ఎం తగ్గొద్దు. పల్చటిదైతే పర్సులో చిల్లర కింద నలిగి వాగ్దానం మార్చి దాకా కూడా నిలవదు. వచనాలు యాభై ఎంచుకుంటే ఒక్కోటి ఎనిమిది కాపీలు. బైబిల్లో ముప్పై ఒక వేలకు పైగా ఉంటే యాభయ్యేనా అని ఎవరైనా నోరెత్తితే, మిగిలినవి కార్డుకు పనికొచ్చే రకం కాదని నచ్చజెప్పండి. "క్రీస్తుయేసునందు సద్భక్తితో బ్రదకనుద్దేశించువారందరు హింసపొందుదురు" (2 తిమోతి 3:12) కూడా వాగ్దానమే. కానీ అర్ధరాత్రి దాటాక కేకు ముక్కతోపాటు దాన్ని చేతిలో పెడితే ఆ కుటుంబం వచ్చే ఆదివారం పక్క వీధి చర్చిలో కూర్చుంటుంది.

అసలు పనితనమంతా కత్తిరింపులో ఉంది. ఈ విషయంలో తెలుగు భాష మనకు చేసిన ఉపకారం అంతా ఇంతా కాదు. మన వాక్యంలో షరతు ముందొస్తుంది, ఫలం చివరొస్తుంది. "యెడల" అనే మాట ఎక్కడుందో వెతికి దాని తర్వాత కత్తెర పెడితే సరి. యోహాను 15:7 ఇలా ఉంటుంది: "నాయందు మీరును మీయందు నా మాటలును నిలిచియుండినయెడల మీకేది యిష్టమో అడుగుడి, అది మీకు అనుగ్రహింపబడును." ఇది కార్డు మీద పట్టదు. డీటీపీ కుర్రాడు తల గోక్కుంటాడు: "అన్నా, అక్షరం సైజు తగ్గించమంటావా, ముందు ముక్క లేపేయమంటావా?" పెద్దవాళ్లు కళ్లజోడు లేకుండా చదవాలి కాబట్టి సైజు తగ్గించరు. ముందు ముక్క పోతుంది. "మీకేది యిష్టమో అడుగుడి" మిగులుతుంది. దీన్ని సిద్ధాంత దోషమంటూ విమర్శించేవాళ్లు ఒక్కసారి ప్రెస్సుకి వెళ్లి చూస్తే మంచిది. ఇది పద్నాలుగు పాయింట్ల అక్షరం చేసిన పని.

కత్తెర పెట్టాల్సిన అవసరం కూడా లేని చోటు ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం. "నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అనేది అందులోదే. మొత్తం 68 వచనాలు. దీవెనలు మొదటి 14, శాపాలు మిగిలిన 54. పద్నాలుగో వచనం దగ్గర పుస్తకం మూసేస్తే చాలు. పొరపాటున 44 దాకా వెళ్తే మాట విననివాడే తోకగా ఉంటాడని, వాడికి అప్పిచ్చేవాడు తలగా ఉంటాడని అదే పోలికతో తిరగేసి రాసుంటుంది. నెలనెలా చిట్టీ కడుతున్నవాళ్లకు అది మనశ్శాంతినివ్వదు.

ఇక దుకాణాల సంగతి. వన్‌టౌన్‌లో ఫ్యాన్సీ షాపు కావచ్చు, గుంటూరు పట్నంబజార్‌లో మెటల్ మార్టు కావచ్చు, యజమాని విశ్వాసి అయితే గల్లాపెట్టె పైన యోబు 8:7 ఉండి తీరుతుంది. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." వ్యాపారానికి ఇంతకన్నా కుదిరిన వచనం దొరకదు. పెట్టుబడి తక్కువని ఒప్పుకుంటుంది, లాభం ఖాయమంటుంది, తేదీ మాత్రం చెప్పదు. ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించే ముందు దీన్ని గట్టిగా చదువుతారు, అందరూ ఆమేన్ అంటారు.

ఈ మాట అన్నదెవరు? దేవుడు కాదు, ప్రవక్త కాదు, యోబు కూడా కాదు. షూహీయుడైన బిల్దదు, అంటే పరామర్శకు వచ్చిన స్నేహితుడు. అప్పటికి యోబు ఏడుగురు కొడుకులూ ముగ్గురు కూతుళ్లూ ఇల్లు కూలి పోయారు. ఒళ్లంతా కురుపులు. బూడిదలో కూర్చున్న ఆ మనిషి దగ్గర బిల్దదు తీసిన మొదటి పాయింటు, నీ పిల్లలు పాపం చేసుంటారు కాబట్టే దేవుడు అలా చేశాడని (8:4). ఆ తర్వాత, నువ్వు శుద్ధంగా ఉంటే అన్నాడు (8:6). అప్పుడొచ్చింది మన గల్లాపెట్టె మీది మాట. చావింట్లో కుర్చీ లాక్కుని కూర్చుని, "మీవాడు హెల్మెట్ పెట్టుకోలేదటగా... పోన్లెండి, మీ చిన్నోడికి మంచి భవిష్యత్తుంది" అనే చుట్టం ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఆ చుట్టం మాటను మనం ఎల్ఈడీ లైట్లతో బోర్డు చేయించాం.

ఆఖరి అధ్యాయంలో దేవుడు ఎలీఫజును పిలిచి, నీమీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా నాకు కోపంగా ఉంది, మీరు నన్ను గురించి సరిగ్గా మాట్లాడలేదు అన్నాడు (42:7). ఆ ఇద్దరిలో ఒకడు బిల్దదు. ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్లు తీసుకెళ్లి దహనబలి ఇమ్మన్నాడు, యోబు చేత ప్రార్థన చేయించుకోమన్నాడు. మాట జారినందుకు అంత జుల్మానా పడిన మనిషి డైలాగు మన జీఎస్టీ సర్టిఫికెట్ పక్కన వేలాడుతోంది. "చివరికి యోబు బాగుపడ్డాడు కదండీ" అంటారు. బాగుపడ్డాడు, నిజమే. బిల్దదు చెప్పిన కారణాన మాత్రం కాదు. కాబట్టి దుకాణదారులకు మనవి: 7వ వచనం వరకే. 4 చదవొద్దు. 42వ అధ్యాయం జోలికసలు వెళ్లొద్దు.

గృహప్రతిష్ఠ వచనానికి వేరే ప్రమాదం ఉంది. "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అని గేటు పక్క స్తంభం మీద నల్ల గ్రానైటులో చెక్కిస్తారు. ఇంటివారిని అడిగి చెక్కించారా అన్నది వేరే చర్చ, ఇంటర్ చదివే కొడుకు ఆదివారం తొమ్మిదింటికి ఇంకా దుప్పట్లోనే ఉంటాడు. ప్రమాదం కింద వేసే రిఫరెన్సులో ఉంది. ఈ మాట యెహోషువ 24:15లోది. యెహోషువకు "యెహో" అని, యెహెజ్కేలుకు "యెహె" అని పొట్టి గుర్తులు. తేడా ఒక్క ఓత్వం. చెక్కేవాడి చెయ్యి జారి "యెహె 24:15" అని పడిందనుకోండి. వచ్చిన అతిథి ఊరుకోక ఫోన్లో తీసి చూస్తే, అక్కడ యెహెజ్కేలుకు దేవుని వాక్కు వచ్చిందని ఉంటుంది. ఏమని వచ్చిందో అని కిందికి జరిపితే, నీ కళ్లకు ఇంపైనదాన్ని ఒక్క దెబ్బతో తీసేస్తానని. 18వ వచనంలో సాయంత్రానికి యెహెజ్కేలు భార్య చనిపోతుంది. ఇల్లాలు అప్పుడే అందరికీ బిర్యానీ వడ్డిస్తూ ఉంటుంది. ఫ్లెక్సీ అయితే మర్నాడు మళ్లీ వేయించుకోవచ్చు, గ్రానైటుకు ఆ వీలు లేదు. చెక్కుడు మొదలుపెట్టకముందే పుస్తకం పేరు పూర్తిగా కాగితం మీద రాసి, ఇంట్లో ఇంకొకరిచేత చదివించి ఇవ్వండి. ఇదే జబ్బు ఆటోల వెనక "ఫిలి 4:13"కు (అంటే ఫిలిప్పీ పత్రికకు) కూడా ఉంది. గుడి పోయి ఏత్వం పడి "ఫిలే" అయితే ఫిలేమోను. ఆ పత్రిక మొత్తం ఒకటే అధ్యాయం, పాతిక వచనాలు. నాలుగో అధ్యాయం కోసం ఎంత దూరం వెళ్లినా దొరకదు.

అసలీ అంకెలు కూడా పౌలు వేసినవి కావు. కొత్త నిబంధనలో మనం వాడే వచన సంఖ్యలు 1551లో రొబేర్ ఎస్తియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు వేశాడు. అంతకుముందు పదిహేను వందల ఏళ్లు విశ్వాసులు పేరాలు పేరాలుగా చదువుకుని ఎలా ఎదిగారో పాపం.

గుంటూరుకు ఇంకో చిక్కుంది. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చిన దగ్గర్నుంచి అది లూథరన్ల ఊరు. లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో ప్రతి ఆజ్ఞ తర్వాత ఒకే ప్రశ్న పదేపదే వస్తుంది: దీని అర్థమేమి? నిర్ధారణ (కన్ఫర్మేషన్) క్లాసులో దీన్ని బట్టీ పట్టిన తరం బ్రాడీపేట లైన్లలో ఇంకా ఉంది. ఈ పెద్దల చేతికి కార్డు ఇస్తే వెనక్కి తిప్పి చూస్తారు, ఇంకేమైనా రాసుందేమోనని. వీళ్లను ట్రేకు కాస్త దూరంగా కూర్చోబెట్టండి.

విజయవాడ హాస్టళ్లలో చదివే పిల్లలకు, వాళ్ల తల్లులకు యిర్మీయా 29:11 తప్పనిసరి. "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." ర్యాంకు కోసం ఎదురుచూసే ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించి ఉంటుంది. పదో వచనం చూడొద్దు. అక్కడ డెబ్బై ఏళ్లు అని ఉంది. బబులోనుకు బందీలుగా పోయినవాళ్లకు రాసిన ఉత్తరం అది. అందుకున్న పెద్దల్లో చాలామంది తిరుగు ప్రయాణం చూసి ఉండరు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని జనానికి నచ్చేట్టు చెప్పిన హనన్యా అనే ప్రవక్త ముందు అధ్యాయంలో ఉన్నాడు. ఆయన ఆ ఏడే పోయాడు. కౌన్సెలింగ్ మూడో విడత దాకా ఆగలేని ఇంటికి డెబ్బై ఏళ్ల వాగ్దానం ఎలా సరిపోతుందో ఎవరూ అడగకపోవడమే క్షేమం.

ఏడో వచనమైతే ఇంకా ఇబ్బంది. మీరున్న పట్టణం క్షేమం కోరండి, దానికోసం ప్రార్థించండి అంటుంది. పట్టణమంటే మురుక్కాలవలు, పూడిక, కట్టలు కూడా వస్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, "నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందును" అనే స్టేటస్ నీళ్లు రాని పేటల్లోంచి చాలా వచ్చింది. వెనకాల సూర్యోదయం బొమ్మ, మూల పావురం. పాలప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్లలో దిగినవాళ్లూ విశ్వాసుల్లో ఉన్నారు. వాళ్లు స్టేటస్ పెట్టలేదు, ఫోన్లో ఛార్జింగ్ లేదు. "చలి కాచుకొనుడి, తృప్తి పొందుడి" అని చెప్పి పంపేసేవాళ్ల గురించి యాకోబు రెండో అధ్యాయంలో ఏదో రాశాడు కానీ, అదీ యాభైలో లేదు.

కార్డులతో తృప్తిపడక బైబిలంతా ఏడాదిలో చదువుతామని పంతం పట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. మొత్తం 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం అయిదు చొప్పున వారానికి 23, 52 వారాలకు 1196. లెక్క సరిగ్గానే ఉంది, ఏడు మిగులు కూడా. బండి ఆగేది వేరేచోట. ఆదికాండం సంక్రాంతి పిండివంటలతో హాయిగా సాగిపోతుంది. జనవరి నాలుగో వారంలో నిర్గమకాండంలోని ప్రత్యక్షగుడారం వస్తుంది: తెరలు, కొలుకులు, దిమ్మలు, మూరల కొలతలు. అది దాటితే ఫిబ్రవరి మొదట్లో లేవీయకాండం 13, కుష్ఠు పరీక్షలు, 59 వచనాలు. గుణదల తిరునాళ్లు రాకముందే సగంమంది అక్కడ రిబ్బను పెట్టి పుస్తకం మూస్తారు. ఇంకో ఆరు అధ్యాయాలు ఓపిక పడితే 19:18లో "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అనేది తగులుతుంది. అది సువార్తల్లోనే పుట్టిందని నమ్మేవాళ్లు అక్కడిదాకా రాకపోవడమే ఒకందుకు నయం. ఆ అధ్యాయంలోనే పొలం ఓరలు కోయకుండా బీదలకు వదిలేయమని కూడా ఉంది, కౌలు లెక్కలన్నీ తలకిందులవుతాయి.

చదివినచోట గీసుకునే అలవాటుంటే జెల్ పెన్ను వాడొద్దు. బైబిలు కాగితం ఉల్లిపొర. దీవెన కింద ఎర్రగా గీస్తే రెండో పక్కన ఏ శాపం కిందో తేలుతుంది. పెన్సిలు మేలు.

చివరగా కార్డుల మార్పిడి. దీన్ని అధికారికంగా ఎవరూ ఒప్పుకోరు గానీ జరుగుతుంది. ఎంపిక కమిటీలో ఎవరో చూసుకోకపోవడం వల్ల "ఏడ్చువారితో ఏడువుడి" (రోమా 12:15) అనే కార్డు కూడా ఎనిమిది కాపీలు పడుతుంది. దాన్ని తీసినవాళ్లు ఒకసారి చదువుకుని, అటూ ఇటూ చూసి, "అమ్మగారూ, రెండు అంటుకుని వచ్చాయండీ" అని ఒకటి వెనక్కి పెడతారు. అంటుకోవడానికి లేదు, అన్నీ లామినేషన్ చేసినవే. పన్నెండున్నరకు టీ గ్లాసులు ఎత్తేసి ట్రే సర్దేటప్పుడు అడుగున ఆ ఎనిమిదీ ఉంటాయి. రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెడతారు. కార్డు గట్టిది, వచ్చే డిసెంబరుకు కూడా పనికొస్తుంది.