ఆరు ఎండుమిరపకాయలు

మా నాన్నది రెంటచింతల. ఆ ఊరివాళ్ల ముందు ఎండ గురించి నోరెత్తకూడదు. తెలిసి కూడా 2020 ఆగస్టులో, కాలిఫోర్నియాలోని శాన్ హోజేలో, "నాన్నా, ఇవాళ వంద దాటుతుందట, బయటికి వెళ్లకండి" అన్నాను.

"వందకి నీళ్లు మరుగుతాయిరా."

ఫారెన్‌హీట్ అని చెప్పి, లెక్కగట్టి, మన లెక్కలో 38 అన్నాను.

"దాన్ని మా ఊళ్లో ఉగాది అంటారు" అని లేచి నడకకి వెళ్లిపోయారు. అరగంటలో చెమటతో వచ్చి, మాట్లాడకుండా రెండు చెంబుల మజ్జిగ తాగారు. నేనూ ఏమీ అడగలేదు.

ఫిబ్రవరిలో వచ్చిన అమ్మానాన్నలు కరోనా వల్ల తిరిగి వెళ్లలేక మా దగ్గరే చిక్కుకుపోయారు. ఇంటికి ఏసీ లేదు. ఇక్కడి చాలా పాత ఇళ్లకు ఉండదు, చల్లటి ఊరని కట్టినవాళ్ల నమ్మకం. ఆ సాయంత్రం ఎండ దెబ్బకి కరెంటు చాలక కోత కూడా పెట్టారు. చీకట్లో నాన్న ముఖం వెలిగిపోయింది. "అమెరికాలోనూ కోతలే!" అని బంధువుల గ్రూపులో పెట్టేశారు. అమ్మ దుప్పటి తడిపి, వట్టివేళ్ల తడికెలాగా కిటికీకి వేలాడదీసింది. నిజం ఒప్పుకోవాలి, హాయిగా నిద్రపట్టింది.

ఆ హాయి రెండు రోజులే. 16వ తేదీ తెల్లవారుజామున వాన లేకుండా పిడుగులు పడ్డాయి. ఊరికి తూర్పున ఎండిపోయి ఉన్న కొండలు అంటుకున్నాయి. కార్ల మీద బూడిద. కిటికీ తీస్తే పొగ, మూస్తే ఉక్క. మూయడానికే నిర్ణయించి, సందులన్నిటికీ టేపు వేశాను. పెట్టె ఫ్యాను వెనక, సన్నటి నుసిని పట్టే మెర్వ్ 13 రకం ఫిల్టర్ అతికించాను.

"ఫ్యానుకి గోనెపట్టా కట్టావేంట్రా? తడి తువ్వాలు ముక్కుకి చుట్టుకుంటే పోయేదానికి!"

"తువ్వాలు ఆపలేదు నాన్నా. ఆ నుసి రెండున్నర మైక్రాన్లు, వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు. నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

తువ్వాలు వదల్లేదు గానీ, గాలి కొలిచే మీటరు మాత్రం ఆయనకి తెగ నచ్చింది. క్రికెట్ స్కోరు చెప్పినట్టు పది నిమిషాలకోసారి, "బయట 168, లోపల 31!" అని కేక. 31 అంటే ఆకుపచ్చ రంగు, మంచి గాలన్నమాట. నేను కాలర్ ఎగరేశాను.

మూడో రోజు మధ్యాహ్నం అమ్మ పప్పుచారుకి పోపు పెట్టింది.

పొయ్యి మీద చిమ్నీ ఉంది. అయితే అది పొగని పీల్చి, ఆలోచించి, మళ్లీ మన ముఖాన్నే వదిలే రకం. కిటికీలకేమో నా టేపు. నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, ఆరు ఎండుమిరపకాయలు పడ్డాయి. అప్పుడే అమ్మకి చెల్లెలి ఫోన్.

ఆ తర్వాత ఎవరు ఏం మాట్లాడారో తెలియదు, అందరం దగ్గుతున్నాం. పైకప్పుకున్న పొగ అలారం కీచుమని మొదలుపెట్టింది. నాన్న కుర్చీ ఎక్కి, ముక్కుకి కట్టుకోవాల్సిన తడి తువ్వాలుతో దానికి విసురుతున్నారు. మా ఆవిడ పొయ్యి ఆర్పేసి, నేను గంటన్నర కూర్చుని వేసిన టేపుని ఒక్క లాగుతో పీకేసింది. 2018లో కార్చిచ్చుకి ఇక్కడి ప్యారడైజ్ అనే ఊరు తగలబడినప్పుడు కొన్న ఎన్95 మాస్కులు కొన్ని మిగిలి ఉన్నాయి. అవి తగిలించుకుని నలుగురం బాల్కనీలోకి, అంటే అడవి పొగలోకి, తాజా గాలి కోసం పరిగెత్తాం.

నాన్న చేతిలో మీటరు ఉంది. లోపల ఆఖరి స్కోరు 312. ముదురు మెరూన్ రంగు, అన్నిటికన్నా ప్రమాదమైనది.

అమ్మ కళ్లు తుడుచుకుంటూ ఆ అంకె చూసింది, ఎర్రగా ఉన్న కొండల వైపు చూసింది.

"అన్ని కొండలు కాలినా 168 దాటలేదు" అంది మాస్కులోంచి. "నేను వేసినవి ఆరే."

నాన్న అది కూడా గ్రూపులో పెట్టారు.