ఏడో అధ్యాయంలో అత్త

ఈ మధ్య వచ్చే నవలల వెనకట్ట మీద ఒక మాట తరచూ కనిపిస్తోంది: ఇది నిజంగా జరిగిన కథ, ఇందులోని మనుషులు నిజంగా ఉన్నవాళ్లు అని. నవల బాగుందనడానికి అదే రుజువైపోయింది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఆ నిజమైన మనిషి గుర్తొస్తుంది. ఎక్కడో ఒక ఇంట్లో కూర్చుని, తన గురించి తెలియనివాళ్లు రాసుకున్న సమీక్షలు వింటున్నట్టు అనిపిస్తుంది. అందుకే ఈ వాదం రాశాను. అక్కాతమ్ముళ్లు నా కల్పన. వాళ్లు మాట్లాడే పుస్తకాలు, కోర్టు తీర్పులు కల్పన కావు. నేను అక్క పక్షం. అయినా తమ్ముడి నోరు నొక్కలేదు. వాడు అడిగినవాటిలో ఒకదానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

తమ్ముడు నవల రాశాడు. అందులో కథానాయిక వాళ్ల మేనత్త. మైదుకూరులో కుట్టుమిషను తొక్కి ముగ్గురు పిల్లల్ని సాకిన మనిషి. ఇప్పుడు డెబ్బై దాటింది. రాతప్రతి ముందు అక్కకి ఇచ్చాడు.

తమ్ముడు: చదివినావా అక్కా? మొత్తం?

అక్క: రాత్రి రెండు దాకా కూర్చుని చదివినా. పండగ ముందు వారం అత్త నిద్ర లేకుండా రవికలు కుట్టడం, కాజాలు తీస్తా తీస్తా దారం పంటితో తెంపడం, ఆ మిషను చప్పుడుకే పిల్లలు నిద్రపోవడం, అదంతా కళ్లకి కట్టినట్టు రాసినావురా. ఏడో అధ్యాయం దగ్గర కాగితాలు పక్కన పెట్టేసినా. అది తీసెయ్యాల.

తమ్ముడు: నవలంతా దాని మీదనే నిలబడింది. అది తీసేస్తే ఇంకేముంది?

అక్క: మామ ఇల్లు వదిలి పోయిన నెలకి, అత్త నాలుగేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని రాత్రిపూట కేసీ కాలువ గట్టు మీదికి పోయింది. తెల్లారేదాకా నిలబడి వచ్చేసింది. ఆ సంగతి ఆ కూతురికి తెలుసా?

తమ్ముడు: తెలీదు.

అక్క: నీ పుస్తకం కొనుక్కుని తెలుసుకోవాలా?

తమ్ముడు: నేను దొంగతనంగా విన్నది కాదక్కా. అత్తే పిలిచి చెప్పింది. ఆరు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పింది. "నా బతుకు ఎవరన్నా రాస్తే బాగుండురా" అనింది. రాయమన్నది ఆమె, వద్దంటున్నది నువ్వు. ఆమె తరఫున మాట్లాడే హక్కు నీకు ఎవరిచ్చినారు?

అక్క: మంచి ప్రశ్నే అడిగినావు. రాయమనింది, కాదనను. అయితే ఆ సాయంత్రాలు ఆమె ముందు కూర్చున్నది మేనల్లుడు. నీ ఎదురుగా ఏడ్చినప్పుడు ఆమె లెక్కలో నీ వెనక వెయ్యిమంది పాఠకులు లేరు. "బతుకు రాయి" అంటే ఆమె ఏం అనుకుందో అడిగినావా? కష్టపడి పిల్లల్ని పైకి తెచ్చినానని నలుగురికీ తెలియాలనుకుందేమో. కాలువ గట్టు కూడా అందులో ఉందో లేదో నువ్వు అడగలేదు.

తమ్ముడు: ఇట్ల అడుగుతా కూర్చుంటే ఏ నవలా రాదు. నవీన్ 'అంపశయ్య' చూడు. 1969లో వచ్చింది. ఉస్మానియా హాస్టల్లో రవి అనే కుర్రాడి ఒక్క రోజు. వాని పేదరికం, వాని సిగ్గు, వాని కోరికలు, అంతా బయట పెట్టేసినాడు. రవి వెనక రచయితే ఉన్నాడని చదివిన ప్రతివానికీ తెలుస్తుంది. ఆ పుస్తకం పేరే ఆయన ఇంటిపేరైంది.

అక్క: ఆయన విప్పి చూపించింది తన పుండు. నువ్వు విప్పుతున్నది అత్తది.

తమ్ముడు: సరే, 'కొండపొలం' తీసుకో. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి మన కడప జిల్లా పల్లెటూర్లో బడిపంతులుగా పనిచేసినాడు. కరువొచ్చినప్పుడు గొర్రెల మందల్ని నల్లమలకి తోలుకుపోయే కాపర్ల బతుకది. కల్పించినది కాదు, ఈ నేల మీద జరిగేదే. 2019లో తానా బహుమతి ఊరికే రాలేదు. ఆ నవలకి బలం నిజమే గదా?

అక్క: నిజమే. ఏ నిజమో చూడు. అడవిలో నీళ్లెక్కడుంటాయి, మందని రాత్రి ఎట్ల కాస్తారు, పులి వాసన తగిలితే గొర్రె ఏం చేస్తుంది. అది వందలమంది కాపర్లు పంచుకునే పనిలో ఉండే నిజం. ఇంజనీరింగు చదివి ఉద్యోగం దొరక్క నాయనతో అడవికి పోయిన రవి అందులో నడుస్తాడు. ఆ రవి ఫలానా ఇంటి పిల్లోడని ఎవ్వరి గడపా తొక్కలేదు. నువ్వు కుట్టుమిషను గురించి రాసింది కూడా ఆ జాతిదే. అందుకే అది బాగుంది అన్నా.

తమ్ముడు: సినిమా తీసినప్పుడు నవలలో లేని ఓబులమ్మని తెచ్చి పెట్టినారు గదా, అప్పుడు కూడా మార్చినారని మెచ్చుకున్నావా?

అక్క: ఆ మార్పు కథలోంచి పుట్టలేదు. హీరోయిన్ లేకపోతే సినిమా ఆడదనే భయంలోంచి పుట్టింది.

తమ్ముడు: ఆ పిల్ల వల్లనే మా ఆఫీసులో పదిమంది చూసినారు. అందులో ఇద్దరు తర్వాత నవల కొన్నారు. నువ్వు సినిమా మొత్తం చూసినావా?

అక్క: సగం చూసినా.

తమ్ముడు: సగం చూసి తీర్పు చెప్తావు. అత్త విషయంలో కూడా అంతే. మూడేళ్లయింది నువ్వు మైదుకూరు పోయి. మోకాలి నొప్పికి మందులు తెచ్చిచ్చేది నేను. కథ విన్నది నేను. ఇప్పుడొచ్చి ఆమె పరువుకి కాపలా కాస్తున్నావు.

అక్క: పోలేదు, నిజమే. మా ఆయనకి ఆపరేషనైన సంవత్సరం పోలేకపోయినా. తర్వాత పోవడానికి సిగ్గేసింది. అది నా తప్పు. నా తప్పు వల్ల నీ అధ్యాయం ఒప్పయిపోదు.

తమ్ముడు: నార్వే రచయిత క్నౌస్‌గార్డ్ ఉన్నాడు. 2009 నుంచి 2011 దాకా ఆరు సంపుటాలు రాసినాడు. తండ్రి తాగి తాగి చచ్చిపోవడం, భార్యతో గొడవలు, చాలావరకు అసలు పేర్లతో. ప్రపంచమంతా చదివింది. ఇప్పటి నవలంటే ఇదక్కా. ముసుగులు తీసేసింది.

అక్క: ఆయన తండ్రి వైపు బంధువులు పద్నాలుగుమంది పత్రికకి ఉత్తరం రాసినారు, మా బతుకుల్ని వాడుకున్నాడని. అది కూడా ఆ పుస్తకం చరిత్రే. ఆ సంపుటాల్లో కొన్ని చోట్ల గొంతులో ముద్ద దిగదు నాకు, అంత బాగుంటాయి. బాగున్నంత మాత్రాన ఆ పద్నాలుగుమంది అబద్ధమైపోరు. ఇంకోటి చెప్తా విను, మన సంగతికి బాగా దగ్గరిది. జర్మనీలో మాక్సిమ్ బిల్లర్ 2003లో 'ఎస్రా' అని నవల రాసినాడు. విడిపోయిన ప్రియురాలు, ఆమె తల్లి కోర్టుకి పోయినారు, మమ్మల్ని ఇట్టే గుర్తుపడతారని. 2007లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. గుర్తుపట్టినంత మాత్రాన తప్పు కాదు, నవలని ముందు నవలగానే చూడాల అని తల్లి వాదన పక్కన పెట్టింది. ప్రియురాలి విషయంలో మాత్రం నిషేధం నిలబెట్టింది. ఎందుకో తెలుసా? పడకటింటి సంగతులు, జబ్బుపడిన కూతురితో తల్లిగా ఆ ప్రియురాలికుండే బంధం అందులో ఉన్నాయని. పాత్ర మనిషికి ఎంత దగ్గరైతే, విషయం ఎంత లోపలిదైతే, రాసేవాని మీద అంత బరువు పడుతుందన్నారు. తల్లీ కూతురూరా! నీ ఏడో అధ్యాయంలో ఉన్నది కూడా అదే.

తమ్ముడు: అంటే పుస్తకాల్ని నిషేధించాలంటావా? ఆ ఎనిమిదిమంది జడ్జీల్లో ముగ్గురు ఒప్పుకోలేదు, అది చెప్పవేం? కోర్టుకి ఆ తలుపు తీస్తే రేపు ప్రతి పెద్దమనిషీ నా గురించే రాసినాడని వస్తాడు. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్‌కి ఏమైంది? నువ్వు చెప్పినట్టే చేసినాడు ఆయన. 'మాదొరుభాగన్'లో కాళి, పొన్నా ఏ ఒక్కరి నకలూ కారు. పిల్లలు లేని ఆలుమగల బాధ. కథని బ్రిటిషువాళ్ల కాలానికి జరిపి పెట్టినాడు. 2010లో వచ్చిన పుస్తకాన్ని 2014 డిసెంబరులో తిరుచెంగోడులో తగలబెట్టినారు, మా ఊరి ఆడవాళ్లని అవమానించినాడని. తర్వాతి నెల ఆయనే ఫేస్‌బుక్‌లో రాసుకున్నాడు, రచయిత పెరుమాళ్ మురుగన్ చచ్చిపోయినాడని. 2016లో మద్రాసు హైకోర్టు నువ్వు మళ్లీ రాయి అని చెప్పాల్సి వచ్చింది. మార్చినా తగలబెడతారు, మార్చకపోయినా తగలబెడతారు. అట్లాంటప్పుడు ఎందుకు మార్చాల?

అక్క: గట్టిగానే కొట్టినావు. నేను నిషేధం అడగడం లేదు. కోర్టు చెయ్యాల్సిన పని కాదిది, నువ్వు బల్ల ముందు కూర్చుని చేసుకోవాల్సిన పని. తిరుచెంగోడులో కాల్చినవాళ్లు ఒక ఊరి పేరు చెప్పుకున్న గుంపు. నచ్చకపోతే పుస్తకం పక్కన పడెయ్యండి అని హైకోర్టు అన్నమాట వాళ్లకి సరిపోతుంది. అత్త కూతురికి ఏం సరిపోతుంది? పుస్తకం మూసేస్తే ఆ కాలువ మూసుకుపోతుందా?

తమ్ముడు: 'అంటరాని వసంతం' మరి? 2000లో కళ్యాణరావు రాసినాడు. రూతు నోట తరాల కథ. ఆకలి, వెలి, గుడిసెలు తగలబెట్టడం. ఎవరూ రాయని మనుషులు అందులోకి వచ్చి నిలబడినారు. మసిపూసి మార్చి రాయమని వాళ్లకీ చెప్తావా? అత్త లాంటి వాళ్ల గురించి ఏ చరిత్ర పుస్తకంలో ఉంది? నేను రాయకపోతే ఆమె లేనట్టే గదా!

అక్క: (కాసేపు ఆగి) దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నువ్వన్నది నిజం. దాచుకున్నవన్నీ దాచుకుంటా పోతే చివరికి మిగిలేది పెద్దోళ్ల చరిత్రే. కానీ ఒకటి చూడు. ఆ నవలలో బాధ చెప్పినప్పుడు బాధ పెట్టినవాళ్లు కూడా బోనులో నిలబడతారు. నీ నవలలో ఎవర్ని నిలబెట్టినావు? మామ రెండు పేజీల్లో వచ్చి పోతాడు. ఆయన పేరు మార్చినావు. ఊరు మార్చినావు. బియ్యం మిల్లు తీసేసి బట్టల అంగడి పెట్టినావు. అత్తకి మాత్రం అదే మిషను, అదే వీధి, అదే ఎడమ చెంప మీది మచ్చ. ఎందుకురా? మామ కేసు వేస్తాడని భయం. అత్త వెయ్యదని ధైర్యం.

తమ్ముడు: అట్ల అనుకుని చెయ్యలేదు.

అక్క: అనుకుని చేసుంటే ఇంత బాధపడను, నీ బుద్ధే అంతని వదిలేసేదాన్ని. అనుకోకుండా చెయ్యి అటు పోయింది. ఎవరు ఏమీ అనరో వాళ్లనే అచ్చంగా దించుతాం. డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేసిన డాక్టరు కేశవరెడ్డి ఎప్పుడన్నా పందులు మేపినాడా? 'అతడు అడవిని జయించాడు'లో ఆ ముసలాయన చూలు పందిని వెతుక్కుంటా రాత్రంతా అడవిలో తిరుగుతాడు. చిత్తూరు పల్లెల్లో అట్లాంటి ముసలాయన్ని చిన్నప్పుడు చూసే ఉంటాడు, చూడకపోతే ఆ నడక రాదు. కానీ చూసినదాని దగ్గర ఆగలేదు. ఆ రాత్రి ఆ మనిషికి ఏం అనిపించిందో అది ఆయన తవ్వుకోవాల్సి వచ్చింది. నువ్వు తవ్వలేదు. చెప్తే కోపం తెచ్చుకుంటావు గానీ, నీ ఏడో అధ్యాయం నవలగా కూడా బలహీనంగా ఉంది. గట్టు మీద నిలబడింది, తెల్లారింది, వచ్చేసింది. అంతే. ఎందుకు వచ్చేసింది? నువ్వు రాయలేదు. "నిజంగా అట్లే జరిగింది" అని నీకు నువ్వు చెప్పుకుని పక్కకి తప్పుకున్నావు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'ని వాళ్ల నాయనకి అంకితమిస్తా, ఎందుకు అని అడగడం నేర్పినందుకు అన్నాడు. సీతారామారావు ఎవర్ని చూసి పుట్టినాడని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఆ ఒక్క ప్రశ్నలోంచి పుట్టినాడని మాత్రం ప్రతి పేజీలో తెలుస్తుంది. నీకు అత్త ఇచ్చింది కూడా ప్రశ్నేరా. చావడానికి పోయిన మనిషి తెల్లారి వచ్చి మిషను ముందు ఎట్ల కూర్చుంది? ఆ ప్రశ్న తీసుకో. మచ్చ వదిలేయి, వీధి వదిలేయి, కూతుర్ని వదిలేయి.

తమ్ముడు: కూతుర్ని తీసేస్తే ఆ రాత్రికి బరువేముంది?

అక్క: పండక్కి ఆమె బెంగుళూరు నుంచి వస్తుంది. అత్తని, ఆమెని పక్కపక్కన కూర్చోబెట్టి ఏడో అధ్యాయం చదివి వినిపించు. విన్నాక ఇద్దరూ సరే అంటే నేను మాట్లాడను.

తమ్ముడు: ఇద్దరి ముందరా?

అక్క: ఇద్దరి ముందరే.

తమ్ముడు: నా వల్ల కాదక్కా.

అక్క: ...

తమ్ముడు: కూతురు కాకుండా, చెల్లెలైతే? తల్లి లేని చెల్లెలు, పదేళ్ల పిల్ల. ఏడవకుండా చెయ్యి పట్టుకుని నడిచే వయసు. ఎక్కడికి పోతున్నామో తెలిసే వయసు.

అక్క: తెలిసి కూడా వెంట నడిచిందా?

తమ్ముడు: నడిచింది.

అక్క: మరి ఎందుకు వెనక్కి వచ్చినారు?

తమ్ముడు: తెలీదు. రాసి చూడాల.